ఆకాశ మార్గములు: దూరమును, కాలమును

1911వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన అలహాబాదు నగరమున ఒక విశేషము జరిగెను. గంగాయమునలు సంగమించు ఆ నగరమున అప్పుడొక గొప్ప ప్రదర్శనము నడచుచుండెను. చూడవచ్చిన జనులు తల లెత్తి చూచుచుండగా, ఆన్రీ పెకే అను ఫ్రెంచి వైమానికుడు సుమారు 6,500 ఉత్తరములు గల సంచిని తన చిన్న విమానమున ఉంచుకొని, యమునానదిని దాటి, నైనీ అను చోట దిగెను. ఆ రెండు చోట్ల నడిమి దూరము సుమారు 10 కిలోమీటర్లు. పట్టిన కాలము సుమారు 13 నిమిషములు. ప్రభుత్వము వారి తపాలా విమానముపై సాగుట ప్రపంచమున అదియే మొదలు.

దూరమును కాలముచే భాగించినచో వేగము వచ్చునని బాలబాలికలందరును ఎరుగుదురు. పెకే విమానము గంటకు సుమారు 46 కిలోమీటర్ల వేగమున పోయినదన్న మాట. లెక్క చాల తేలిక. అయితే నూటపది సంవత్సరముల పిమ్మట జరిగిన మరియొక ప్రయాణమునకు ఇదే లెక్కను వర్తింపజేసినచో అంత సులభముగ ముడి విడదు.

2021 జనవరి 9వ తేదీ రాత్రి అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నుండి బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానమొకటి ఎచ్చటను ఆగక బెంగుళూరు చేరెను. దానిని నడపినవారు నలుగురును స్త్రీలే. జోయా అగర్వాల్ నాయకురాలు. పాపగారి తన్మయి, ఆకాంక్ష సోన్వారే, శివానీ మన్హాస్ తక్కినవారు. ఆ రెండు విమానాశ్రయముల నడుమ దూరము సుమారు 14,000 కిలోమీటర్లు. అట్టి విమానము గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోగలదు. భాగించి చూచినచో పదిహేను గంటలన్నర చాలవలెను. కాని పట్టినది సుమారు 17 గంటలు. పైగా ఆ విమానము తూర్పునకుగాని పడమరకుగాని పోక, ఉత్తరధ్రువ ప్రాంతము మీదుగ వచ్చెను. దక్షిణ భారతమునకు రాదలచినవారు మంచుసముద్రముపైకి ఏల పోవలెను? పదిహేను గంటలన్నర పదునేడు గంటలుగ ఏల మారవలెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసికొన్నచో ఆకాశయానమునందలి ముఖ్య విషయములు చాల వరకు తెలియును.

మొదట దూరము సంగతి. పాఠశాల గోడకు వ్రేలాడు ప్రపంచ పటమును చూచి, రెండు నగరముల నడుమ కొలబద్ద నుంచి గీత గీచి, అదియే దగ్గర దారి అని విద్యార్థి తలచును. ఇది పొరపాటు. భూమి గుండ్రనిది, పటము చదునైనది. నారింజపండు తొక్కను చింపక బల్లపై పరచుట ఎట్లు సాధ్యము కాదో, గోళమును మార్పు లేకుండ కాగితముపై పరచుటయు అట్లే సాధ్యము కాదు. 1569లో మెర్కేటర్ అను భూగోళ శాస్త్రజ్ఞుడు నావికుల ఉపయోగార్థమై రచించిన పటమునందు దిక్కులు సరిగనే యున్నవి. కాని ధ్రువములకు చేరువైన దేశములు ఉన్నదానికంటె మిక్కిలి పెద్దవిగ కన్పట్టును. ఆ పటమున గ్రీన్లాండు ద్వీపము ఆఫ్రికా ఖండముతో సమానముగ తోచును. నిజమునకు ఆఫ్రికా దానికంటె సుమారు పదునాలుగు రెట్లు పెద్దది.

దగ్గర దారి తెలియగోరువాడు పటమును విడిచి గోళమును చేతబట్టవలెను. గోళముపై రెండు నగరములకు నడుమ దారమొకటి ఉంచి బిగువుగ లాగినచో, ఆ దారము తనంతట తానే మిక్కిలి పొట్టియైన మార్గమున నిలుచును. ఆ దారమును రెండు వైపులకు పొడిగించి గోళము చుట్టు త్రిప్పినచో అది గోళమును సరిగ రెండు సమభాగములు చేయును. అట్టి వృత్తమునకు మహావృత్తమని పేరు. భూమధ్యరేఖ ఒక మహావృత్తము. ఎదురెదురుగ నున్న రెండు రేఖాంశములు కలిసిన వృత్తమును మహావృత్తమే. కాని భూమధ్యరేఖ తప్ప తక్కిన అక్షాంశ వృత్తములు మహావృత్తములు కావు. అందుచేతనే తిన్నగ తూర్పునకో పడమరకో పోవుట అన్నివేళల దగ్గర దారి కాదు.

ఈ విషయము చిన్న లెక్కతో స్పష్టమగును. మహావృత్తముపై ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. ఉత్తరమున 60 డిగ్రీల అక్షాంశముపై ఎదురెదురు రేఖాంశములలో రెండు ఊళ్ళు గలవనుకొనవలెను. ఆ అక్షాంశ వృత్తపు చుట్టుకొలత భూమధ్యరేఖలో సగము, అనగా సుమారు 20,000 కిలోమీటర్లు. తిన్నగ తూర్పునకు పోవువాడు అందు సగము, అనగా 10,000 కిలోమీటర్లు నడువవలెను. ధ్రువము మీదుగ పోవువాడు ముప్పది డిగ్రీలు ఎక్కి, ముప్పది డిగ్రీలు దిగును. మొత్తము అరువది డిగ్రీలు, అనగా 6,660 కిలోమీటర్లు మాత్రమే. ఒకే ఊరికి ఒక దారి మరియొక దానికంటె మూడు వేల కిలోమీటర్లకు మించి దగ్గరగుట ఇందు చూడదగిన వింత.

బెంగుళూరు తూర్పు రేఖాంశము 77 డిగ్రీల దాటి యున్నది. శాన్ ఫ్రాన్సిస్కో పశ్చిమ రేఖాంశము 122 డిగ్రీల దాటి యున్నది. రెండింటి నడుమ సుమారు 160 డిగ్రీల భేదము గలదు; అనగా అవి భూగోళమునకు ఇంచుమించు ఎదురెదురు ప్రక్కల నున్నవి. కావున వాని నడిమి మహావృత్తము ధ్రువమునకు చేరువగ పోవును. మొదటి ప్రశ్నకు ఇదియే సమాధానము. ఆ విమానము త్రోవ తప్పి ఉత్తరమునకు పోలేదు. దగ్గర దారి వెదకికొని పోయినది.

సమీప నగరములకైనచో ఈ దూరమును ఎనిమిదవ తరగతి విద్యార్థియే గణింపవచ్చును. హైదరాబాదునకు చెందిన శంషాబాదు విమానాశ్రయము సుమారు 17 డిగ్రీల 14 నిమిషముల ఉత్తర అక్షాంశమున, 78 డిగ్రీల 26 నిమిషముల తూర్పు రేఖాంశమున నున్నది. ఢిల్లీ విమానాశ్రయము సుమారు 28 డిగ్రీల 34 నిమిషముల అక్షాంశమున, 77 డిగ్రీల 6 నిమిషముల రేఖాంశమున నున్నది. అక్షాంశముల భేదము 11 డిగ్రీల 20 నిమిషములు. దీనిని 111చే గుణించినచో సుమారు 1,258 కిలోమీటర్లు వచ్చును. రేఖాంశముల భేదము 1 డిగ్రీ 20 నిమిషములు. ఈ ప్రాంతమున రేఖాంశపు డిగ్రీ ఒకటికి సుమారు 102 కిలోమీటర్లు గనుక, ఇది 136 కిలోమీటర్లు. ఈ రెండును లంబకోణ త్రిభుజమున రెండు భుజములు. పైథాగరస్ సిద్ధాంతముచే కర్ణమును కనుగొన్నచో సుమారు 1,265 కిలోమీటర్లు తేలును. కొండలను, నదులను, నడిమి ఊళ్ళను అనుసరించి పోవు రైలుమార్గమో, 1,650 కిలోమీటర్లకు పైబడి యుండును.

అయితే గోళముపై దారము చూపిన మార్గముననే విమానములన్నియు పోగలవా? పోలేవు. ఆకాశమునకు గోడలు లేకున్నను అడ్డంకులు గలవు. విమానము గాలికి ఎదురుగ లేచి, గాలికి ఎదురుగ దిగవలెను. కావున ఉత్తరమునకు పోవలసినది ఒక్కొకప్పుడు దక్షిణముఖముగ లేచి చుట్టు తిరుగును. రెండు విమానములు ఒకదానికొకటి తగులకుండుటకై ఆకాశమున ఏర్పరచిన బాటలు గలవు. నేలపైనున్న అధికారులు రాడార్ సాయమున వానిని గమనించుచు, ఒకదానిని ఎక్కుమనియు, ఒకదానిని దిగుమనియు ఆజ్ఞాపించుచుందురు.

మరియొక అడ్డంకి పర్వతములు. పది పన్నెండు కిలోమీటర్ల యెత్తున పోవు విమానమునకు 8,849 మీటర్ల ఎవరెస్టు శిఖరము సైతము క్రిందనే యుండును గదా, ఇంక భయమేల అని విద్యార్థి అడుగవచ్చును. అంత యెత్తున గాలి మిక్కిలి పలుచన. మానవుడు ఊపిరి పీల్చి బ్రతుకజాలడు. అందుచే విమానము లోపల గాలిని ఒత్తిడితో నింపి యుంచుదురు. దైవవశమున ఆ ఒత్తిడి తొలగినచో విమానము వెంటనే సుమారు మూడువేల మీటర్ల యెత్తునకు దిగవలెను. టిబెట్టు పీఠభూమి సగటున నాలుగువేల అయిదువందల మీటర్ల యెత్తుగలది. అచ్చట దిగుటకు చోటు లేదు. అందువలననే సామాన్యముగ విమానములు ఆ ప్రాంతమును తప్పించుకొని పోవును.

మూడవ అడ్డంకి దేశముల నడిమి వైరము. ప్రతి దేశమునకు తన నేలపై ఎట్టి అధికారము గలదో, దానిపై నున్న ఆకాశముపైనను అట్టి అధికారమే గలదు. 2019లో ఫిబ్రవరి చివరనుండి జులై నడుము వరకు పాకిస్తాను తన ఆకాశమార్గమును మూసివేయగా, ఢిల్లీనుండి ఐరోపాకు, అమెరికాకు పోవు విమానములు దక్షిణముగ చుట్టు తిరిగి పోవలసివచ్చెను. 2022లో రష్యా ఆకాశము ఐరోపా విమానములకు మూతపడినప్పుడు, ఫిన్లాండులోని హెల్సింకీ నుండి జపానులోని టోక్యో నగరమునకు తొమ్మిదిన్నర గంటల ప్రయాణము సుమారు 13 గంటలయ్యెను. నగరములు కదలలేదు, భూమి పెరుగలేదు. మనుష్యుల కలహము దూరమును పెంచెను.

ఈ కారణములచేతనే శాన్ ఫ్రాన్సిస్కో విమానము 14,000 కిలోమీటర్ల దారికి బదులు సుమారు 16,000 కిలోమీటర్లు పోవలసివచ్చెను. ధ్రువ ప్రాంతమున మరికొన్ని జాగ్రత్తలును వలయును. అయస్కాంత ధ్రువమునకు చేరువలో దిక్సూచి నమ్మదగినది కాదు. చలి మిక్కిలి తీవ్రమగుటచే రెక్కలలోని ఇంధనము గడ్డకట్టు ప్రమాదము గలదు. కావున దాని ఉష్ణోగ్రతను ఎడతెగక కనిపెట్టుచుందురు. దిగవలసివచ్చినచో ఏ విమానాశ్రయమునకు పోవలెనో ముందుగనే నిర్ణయించుకొందురు.

ఇంక కాలము సంగతి. దూరము ఒక్కటే తెలిసినంత మాత్రమున కాలము తెలియదు. హైదరాబాదు ఢిల్లీల నడిమి 1,265 కిలోమీటర్లను గంటకు 850 చొప్పున భాగించినచో గంటన్నర వచ్చును. కాని కాలపట్టికలో రెండు గంటలకు మించియే చూపుదురు. ఏలనగా ఆ కాలము విమానము నిలిచిన చోటునుండి కదలినది మొదలు గమ్యమున మరల నిలుచువరకు గల కాలము. నేలపై మెల్లగ సాగుట, వంతుకై వేచియుండుట, లేచిన పిమ్మట పైకెక్కుట, దిగుటకు ముందు వేగము తగ్గించుకొనుట, ఇవన్నియు అందు చేరియుండును. చిన్న ప్రయాణమున ఈ భాగము పెద్దదిగ తోచును. పెద్ద ప్రయాణమున చిన్నదిగ తోచును.

కాలమును మార్చువానిలో అన్నింటికంటె బలమైనది గాలి. రాజమహేంద్రవరమునుండి పాపికొండలవైపు పడవపై పోవువారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. గోదావరికి ఎదురేగునప్పుడు పడవవాడు ఎంత శ్రమించినను ఒడ్డుననున్న చెట్లు మెల్లగనే వెనుకకు పోవును. తిరుగుదలలో అదే పడవ, అదే శ్రమ. కాని ప్రవాహము తోడగుటచే ప్రయాణము త్వరగ ముగియును. నీటిని బట్టి చూచినచో పడవ వేగము ఒక్కటియే. ఒడ్డును బట్టి చూచినచో రెండు వేగములు. విమానమునకును ఇట్లే రెండు వేగములు గలవు. తన చుట్టునున్న గాలిని బట్టి లెక్కించునది వాయువేగము. నేలను బట్టి లెక్కించునది భూవేగము. ప్రయాణపు కాలమును నిర్ణయించునది ఈ రెండవదియే. గాలి ప్రక్కనుండి వీచునప్పుడు, ఏరు దాటు పడవవాడు కొంత ఎగువకు ముక్కు త్రిప్పి నడపునట్లు, విమానమును గాలి వచ్చు వైపునకు కొంత త్రిప్పి నడపుదురు.

వాయువేగము గంటకు 900 కిలోమీటర్లు, పోవలసిన దూరము 3,600 కిలోమీటర్లు అనుకొనవలెను. గాలి లేనిచో పోవుటకు నాలుగు గంటలు, వచ్చుటకు నాలుగు గంటలు. గంటకు 100 కిలోమీటర్ల గాలి వీచుచున్నచో, వెనుకగాలితో పోవునప్పుడు భూవేగము 1,000. కాలము 3 గంటల 36 నిమిషములు. ఎదురుగాలితో వచ్చునప్పుడు భూవేగము 800; కాలము 4 గంటల 30 నిమిషములు. పోవునప్పుడు కలిగిన లాభము 24 నిమిషములు. వచ్చునప్పుడు కలిగిన నష్టము 30 నిమిషములు. లాభనష్టములు సరిపోవునని తలచువారికి ఈ లెక్క కనువిప్పు. ఎదురుగాలిలో ఎక్కువ సేపు గడుపవలసి యుండుటయే నష్టము హెచ్చుటకు కారణము.

భూమి పడమరనుండి తూర్పునకు తిరుగుచున్నది గదా, విమానము ఆకాశమున నిలిచియున్నచో గమ్యమే దాని క్రిందికి రాదా అని కొందరు సందేహింతురు. రాదు. భూమితోపాటు దానిని ఆవరించిన వాయుమండలమును, దానియందలి విమానమును తిరుగుచునే యున్నవి. పరుగెత్తు రైలుపెట్టెలో పైకి ఎగురవేసిన బంతి ఎగురవేసినవాని చేతిలోనే పడును గాని వెనుకనున్నవానిపై పడదు. ఇదియు అట్టిదే.

ఆకాశమున మిక్కిలి యెత్తున నదులవలె ప్రవహించు గాలులు గలవు. వీనికి జెట్ వాయుప్రవాహములని పేరు. జపానులో వసబురో ఓయిషి అను శాస్త్రజ్ఞుడు 1920ల దశకమున చిన్న బూరలను ఆకాశమునకు వదలి, వాని గమనమును పరిశీలించి, ఈ ప్రచండ వాయువులను కనుగొనెను. ప్రపంచమందలి పండితులందరికి తెలియవలెనని ఆయన తన నివేదికను ఎస్పెరాంటో అను కల్పిత అంతర్జాతీయ భాషలో ప్రకటించెను. కాని ఆ భాష ఎరిగినవారు అరుదగుటచే దానిని చదివినవారు అరుదైరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1944లో, జపానుపై ఎగిరిన అమెరికా విమానములు ఈ గాలులలో చిక్కుకొన్న పిమ్మటగాని వాని బలము లోకమునకు బాగుగ తెలియలేదు. ఇవి తరచుగ పడమరనుండి తూర్పునకు వీచును. ఒక్కొకప్పుడు గంటకు 200 కిలోమీటర్లను మించును.

భారతదేశముపైనను ఇట్టి ప్రవాహములు గలవు. శీతకాలమున ఉత్తర భారతముపై పడమటి జెట్ ప్రవాహము వీచును. వర్షకాలమున దక్షిణాపథముపై తూర్పునుండి పడమరకు వీచు వేరొక ప్రవాహము ఏర్పడును. ఈ తూర్పు ప్రవాహమును గూర్చి విపులముగ పరిశోధించి 1958లో ప్రసిద్ధమైన వ్యాసమును వెలువరించినవారు తెలుగునాట జన్మించిన పంచేటి కోటేశ్వరముగారు. ఆయన తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతియై విఖ్యాతి గాంచెను. నైరృతి ఋతుపవనములను అర్థము చేసికొనుటకును, విమానముల మార్గమును నిర్ణయించుటకును ఆ పరిశోధన తోడ్పడెను.

గాలిని అనుకూలముగ చేసికొన్నచో దూరపు దారియే దగ్గర దారి యగును. దీనికి చక్కని నిదర్శనము 2016 అక్టోబరులో లభించెను. అంతకుముందు ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కో పోవు ఎయిర్ ఇండియా విమానము అట్లాంటిక్ మార్గమున సుమారు 13,900 కిలోమీటర్లు పోవుచుండెను. ఆ నెలలో దానిని తూర్పునకు మరల్చి, పసిఫిక్ మహాసముద్రము మీదుగ నడపిరి. ఈ దారి సుమారు 15,300 కిలోమీటర్లు, అనగా 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినను విమానము సుమారు పదునాలుగున్నర గంటలలో, మునుపటికంటె ఇంచుమించు రెండు గంటలు ముందుగ గమ్యము చేరెను. పడమటి దారిలో ముక్కుకు తగిలిన గాలి, తూర్పు దారిలో వెన్ను తట్టెను.

గాలిని లెక్కచేసినవారికి రెండు గంటల లాభము. లెక్కకు అందని గాలి ఎంతటి నష్టమును తేగలదో 1947లో జరిగిన ఒక విషాదము తెలుపును. ఆ యేడు ఆగస్టు 2వ తేదీన స్టార్ డస్ట్ అను బ్రిటిషు విమానము పదునొకండుగురితో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ నుండి చిలీ రాజధాని శాంటియాగోకు బయలుదేరెను. నడుమ ఆండీస్ పర్వతపంక్తి గలదు. ఆనాడు ఆకాశము మేఘావృతము. మేఘముల పైన ఎగురు విమానమునుండి నేల కనబడదు. అట్టివేళ బయలుదేరిన కాలమును, వేగమును, దిక్కును బట్టి తామున్న చోటును లెక్కకట్టుట అప్పటి పద్ధతి. సాయంకాలము 5 గంటల 45 నిమిషములకు దిగెదమని విమానమునుండి తంతివార్త అందెను. దాని వెంబడి అర్థముగాని ఒక మాట వినవచ్చెను. పిదప నిశ్శబ్దము. ఎంత వెదకినను విమానపు జాడ కానరాలేదు.

అర్ధశతాబ్దము గడచెను. 1998లో టుపుంగాటో పర్వతముపై హిమానీనదమున పర్వతారోహకులకు విమాన శకలములు కనబడెను. 2000 సంవత్సరమున అర్జెంటీనా సైనికులు అచ్చటికి పోయి పరిశీలించిరి. శాంటియాగో ఆ చోటికి సుమారు 80 కిలోమీటర్ల దూరమున నున్నది. పరిశోధకుల అభిప్రాయము ఇది: పర్వతములను దాటుటకు ఎత్తునకెక్కిన విమానమునకు ఎదురుగ జెట్ ప్రవాహము వీచెను. గాలిలో దాని వేగము తగ్గలేదు గాని, నేలపై అది సాగిన దూరము చాల తగ్గెను. మేఘములచే ఆ సంగతి తెలియక, పర్వతములు దాటితిమని తలచి, వారు క్రిందికి దిగిరి. క్రింద నున్నది శాంటియాగో మైదానము కాదు, మంచుకొండ. పడిన శకలములను మంచు కప్పివేసి, తనతో మెల్లగ క్రిందికి తెచ్చి, ఏబది యేండ్ల పిమ్మట బయటపెట్టెను. విమానచోదకుని తప్పు లేదని విచారణలో తేలెను. ఆయన లెక్కలో లోపము లేదు. లెక్కలో చేర్చవలసిన గాలి ఆ రోజులలో చాలమందికి తెలియనే తెలియదు.

ఇప్పుడు ప్రతి ప్రయాణమునకు ముందు వివిధ ఎత్తులలో వీచు గాలుల వివరములను సేకరింతురు. ఉపగ్రహముల సంకేతములచే విమానమున్న చోటు ఎప్పటికప్పుడు తెలియుచుండును. ఇంధనమును దూరమును బట్టి కాక, కాలమును బట్టి నింపుదురు. గమ్యము చేరుటకు వలయునంత మాత్రమే నింపి పంపరు. గాలి మారినచో ఉపయోగించుటకు కొంత; గమ్యమున దిగ వీలుకానిచో వేరొక విమానాశ్రయమునకు పోవుటకు కొంత; అచ్చటను వేచియుండవలసివచ్చినచో అరగంట ఎగురుటకు కొంత; ఇట్లు అదనముగ నింపుదురు. బండివాడు ఎద్దులు అలసినచో చెట్టునీడను నిలుపగలడు. ఆకాశమున చెట్టునీడ లేదు. కావుననే బయలుదేరుటకు ముందే నిలువవలసిన చోట్లన్నియు ఆలోచించుకొందురు.

చివరకు మిగిలినది గడియారపు చిక్కు. శాన్ ఫ్రాన్సిస్కో విమానము శనివారము రాత్రి ఎనిమిదిన్నర గంటలకు లేచెను. బెంగుళూరున దిగినది సోమవారము తెల్లవారుజామున మూడు గంటలు దాటిన పిదప. గడియారములను మాత్రమే చూచువానికి ఇది ముప్పది గంటలకు మించిన ప్రయాణమని తోచును. కాని రెండు ఊళ్ళ గడియారములు ఒక్కటి కావు. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా గంటకు 15 డిగ్రీలు. భారతదేశమంతటికి కాలమును నిర్ణయించునది కాకినాడకు చేరువగ పోవు 82 డిగ్రీల 30 నిమిషముల తూర్పు రేఖాంశము. దీనిని 15చే భాగించినచో అయిదున్నర వచ్చును. గ్రీనిచ్ కాలముకంటె భారత కాలము అయిదున్నర గంటలు ముందు. శీతకాలమున శాన్ ఫ్రాన్సిస్కో కాలము గ్రీనిచ్ కంటె ఎనిమిది గంటలు వెనుక. మొత్తము భేదము పదమూడున్నర గంటలు. అచ్చట శనివారము రాత్రి ఎనిమిదిన్నర అయినప్పుడు ఇచ్చట ఆదివారము ఉదయము పది గంటలు. ఆదివారము ఉదయము పదినుండి సోమవారము తెల్లవారుజాము మూడువరకు లెక్కించినచో సరిగ పదునేడు గంటలు వచ్చును. ప్రయాణికులకు ఆదివారము ఎక్కడికి పోయినదో తెలియక ఆశ్చర్యము కలుగవచ్చును. గణితము తెలిసినవానికి ఆశ్చర్యము లేదు.

ఇట్లు రెండు విమానాశ్రయముల నడిమి దూరమొక్కటి యైనను, పోవు దారులు పెక్కు. పట్టు కాలములు ఇంకను పెక్కు. దూరమును భూమి ఆకారము నిర్ణయించును. దారిని పర్వతములును, దేశముల సరిహద్దులును నిర్ణయించును. కాలమును గాలి నిర్ణయించును. వీనిలో ఏ ఒక్కదానిని మరచినను లెక్క తప్పును. ఆకాశమున లెక్క తప్పుట ప్రాణములకే ముప్పు. తరగతి గదిలో విద్యార్థి చేయు చిన్న భాగహారమును, వందలాది ప్రయాణికుల క్షేమమునకై విమానచోదకుడు చేయు గణనమును ఒకే జాతికి చెందినవి. రెండింటికిని వలసినది ఒక్కటియే: తెలిసినదానిని శ్రద్ధతో లెక్కించుట, తెలియనిదానికి కొంత చోటు విడిచియుంచుట.